ఇబ్బంది పేరుతో వెతకడం

(వరంగల్‌లో ఇంజినీరింగ్ విద్యార్థులు, వర్క్‌షాపులు నడిపేవాళ్ళు, మిర్చి రైతుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎండ ముదరకముందే మొదలుపెట్టాం కాబట్టి పరిచయాలు పక్కనపెట్టి విషయంలోకి పోదాం.

కొత్త వస్తువు చేయాలనుకున్నవాళ్ళు మొదటిరోజు ఫోన్ తీసి ఆ వస్తువు పేరు కొడతారు. "సోలార్ డ్రయ్యర్" అని కొడితే కుప్పలుకుప్పలుగా వస్తాయి. సాయంత్రానికి కొందరు "అన్నీ ఎవరో చేసేశారు, ఇక మనకేం మిగిలింది" అని చేతులెత్తేస్తారు. ఇంకొందరు ఒక బొమ్మ దించుకుని, రంగు మార్చి, ఇన్నోవేషన్ అని బోర్డు పెడతారు. రెండూ ఒక్క తప్పులోంచే పుడుతున్నాయి. వాళ్ళు వస్తువు పేరుతో వెతికారు. ఇబ్బంది పేరుతో వెతికి ఉంటే వేరే దారి దొరికేది. ఎట్లా దొరికేదో ఒక్క వస్తువు పట్టుకుని, లెక్కతో సహా చూద్దాం. ఏనుమాముల మిర్చి మార్కెట్ యార్డును పక్కన పెట్టుకుని ఉదాహరణకు ఎక్కడికో పోవడం ఎందుకు? మిర్చి ఆరబెట్టే పందిరి తీసుకుందాం.

పండిన మిరపకాయలో కోసిన రోజు నూటికి 70 నుంచి 80 పాళ్ళు నీళ్ళే. ఆహార ప్రమాణాల ప్రకారం ఎండుమిర్చిలో తేమ 11 శాతం దాటకూడదు. కల్లంలో పరిస్తే అక్కడికి దిగడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో రాత్రి మంచు పడుతుంది, ఒక అకాల వాన వస్తుంది, కుక్కలూ కోళ్ళూ తిరుగుతాయి, నేరుగా ఎండ తగిలి రంగు వెలుస్తుంది. తడి నిలిచినచోట బూజు. ఆ బూజు ఆస్పర్జిల్లస్ జాతిదైతే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే భయం. ఐరోపా దేశాల హద్దు కిలోకు బి1 రకం 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10. అది దాటిన సరుకుకు అక్కడ చోటు లేదు. మన వరంగల్ మిర్చి రకం చపాటా కాయకు 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. దాని ధరంతా రంగులోనే ఉంది, పైగా పొట్టిగా, కండగా ఉంటుంది కాబట్టి సన్నగా ఉండే తేజ రకం కాయంత తొందరగా ఆరదు.

ఇబ్బందిని ఇట్లా ముక్కలుగా విడగొట్టి రాసుకోవడమే డిజైన్‌లో మొదటి పని. "మిర్చి ఆరడం లేదు" అని రాసుకుంటే ఏమీ దొరకదు. "రాత్రి మంచుకు మళ్ళీ తడుస్తోంది", "ఎండకు రంగు పోతోంది", "60 డిగ్రీలు దాటితే కాయ నల్లబడుతోంది" అని రాసుకోండి. అప్పుడు ఒక్కో వాక్యానికి ఒక్కో చోట జవాబు కనిపిస్తుంది.

ముందు లెక్క చేద్దాం, ఇది పాఠ్యపుస్తకంలో అందరికీ ఉన్న ఎరుకే. 100 కిలోల పచ్చి పండుకాయ, తేమ 75 శాతం అనుకోండి. నీళ్ళు 75 కిలోలు, పొడి పదార్థం 25 కిలోలు. 11 శాతం తేమకు దిగినప్పుడు బరువు 25ని 0.89తో భాగిస్తే వచ్చే 28 కిలోలు. అంటే బయటికి పోవాల్సిన నీళ్ళు 72 కిలోలు. కిలో నీళ్ళు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్ళు కావాలి. మొత్తం 173 మెగాజౌళ్ళు, కరెంటు లెక్కలో 48 యూనిట్లు. మిర్చి రోజుల్లో మన దగ్గర చదరపు మీటరు మీద రోజుకు 5 యూనిట్ల ఎండ పడుతుందని తక్కువలో తక్కువ పట్టుకుందాం. 2 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు పందిరి మీద 50 యూనిట్లు పడతాయి. అందులో పావు వంతు పనికొచ్చినా రోజుకు 12.5 యూనిట్లు. 48ని దానితో భాగిస్తే నాలుగు రోజులు. చివరి తేమ మొదటి తేమంత సులువుగా వదలదు కాబట్టి ఐదో రోజు, మబ్బు పడితే ఆరో రోజు కూడా చేతిలో పెట్టుకోవాలి.

ఇందులో "పావు వంతు" అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? అది పాఠ్యపుస్తకంలో ఉండదు, ఎవరో కట్టి, తూచి, రాసిపెట్టినది. మన దేశంలో ఇట్లాంటి సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే సైటులో ఉచితంగా ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలవి కృషికోశ్‌లో ఉన్నాయి. భారతీయ ప్రమాణాలను, వాటిని నిర్ణయించే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ సైటులో పేరు నమోదు చేసుకుని డబ్బు కట్టకుండానే దించుకోవచ్చు. థీసిస్ తెరిస్తే ముందుమాట, సాహిత్య సమీక్ష తర్వాత చూసుకోవచ్చు. ముందు పట్టికల దగ్గరికి పోండి, ఆ తర్వాత "పరిమితులు" అన్న చివరి అరపేజీకి. ఏది పనిచేయలేదో అక్కడే దొరుకుతుంది.

ఆ పట్టికల్లో ఒక గుంత ఉంది, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు పడతారు. తేమను రెండు రకాలుగా రాస్తారు. మొత్తం బరువులో నీళ్ళెన్ని అనేది ఒకటి, పొడి పదార్థానికి నీళ్ళెన్ని అనేది ఇంకొకటి. మొదటి పద్ధతిలో 75 శాతం అంటే రెండో పద్ధతిలో 300 శాతం. పేపర్లో "కిలోకు 3 కిలోలు" అని ఉంటే అది తప్పు కాదు, రెండో పద్ధతి. చివర్లో 11 శాతం, 12.4 శాతం దగ్గరదగ్గరగా కనిపిస్తాయి కాబట్టి తేడా పట్టుబడదు. మొదట్లో మాత్రం లెక్క మొత్తం బోల్తా పడుతుంది.

పందిరి ఆకారానికి మనం కొత్తగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం వాళ్ళు రూపొందించిన సొరంగం డ్రయ్యర్ చాలా దేశాలు తిరిగింది, బంగ్లాదేశ్‌లో మిర్చి మీదే పరీక్షించారు. మామూలుగా 2 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల వరకు పొడవు. ముందు సగంలో నల్లటి రేకు మీద గాలి వేడెక్కుతుంది, వెనక సగంలో సరుకు ఉంటుంది. అందులో మెచ్చుకోవాల్సిన తెలివి ఒకటుంది: ఫ్యాన్లను నేరుగా సోలార్ ప్యానెల్‌కు కలిపారు. ఎండ పెరిగితే వేడి పెరుగుతుంది, అదే ఎండకు ఫ్యాను వేగమూ పెరిగి ఆ వేడిని తోసేస్తుంది. థర్మోస్టాట్ లేకుండానే ఉష్ణోగ్రత చాలావరకు అదుపులో ఉంటుంది. మన పందిరి దాని బుల్లి తమ్ముడు. ముందు 5 చదరపు మీటర్లు గాలికి, వెనక 5 కాయకు. కాయను రెండు అంచెల ట్రేల్లో, చదరపు మీటరు ట్రేకు 10 కిలోలు పరిస్తే 100 కిలోలూ పడతాయి. ట్రే జాలీ కింద ప్రతి 30 సెంటీమీటర్లకు ఒక కమ్మీ ఆసరా ఇవ్వండి. లేకపోతే పై ట్రే కిందికి వేలాడి కింది కాయను తాకుతుంది, గాలి అక్కడ ఆగిపోతుంది.

గాలి ఎంత కావాలో కూడా లెక్కకు దొరుకుతుంది. బయటి గాలి 30 డిగ్రీలు, దాన్ని 50కి వేడి చేశాం. కాయ మీదుగా పోయి 40కి చల్లబడి బయటికి వస్తే, కిలో గాలి సుమారు 4 గ్రాముల నీళ్ళు మోసుకుపోతుంది. రోజుకు 18 కిలోల నీళ్ళు, ఎనిమిది గంటల ఎండ అనుకుంటే గంటకు 2.25 కిలోలు. దానికి గంటకు 500 చిల్లర ఘనపు మీటర్ల గాలి కావాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు: 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్ మీద 120 ఘనపు మీటర్లు అని రాసుంటే నాలుగు చాలనుకుంటారు. ఆ అంకె ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. దోమజాలీ, రెండంచెల ట్రేలు అడ్డొచ్చాక సగానికి పడిపోతుందని పట్టుకుని ఎనిమిది పెట్టండి. ఒక్కోటి మూడున్నర వాట్లు లాగితే మొత్తం 28 వాట్లు. 40 వాట్ల ప్యానెల్ సరిపోతుంది.

ఇక పైకప్పు కవరు. ఈ ఎరుక మిర్చి పుస్తకాల్లో తక్కువ, పాలీహౌస్ కట్టేవాళ్ళ దగ్గర ఎక్కువ. వాళ్ళు వాడేది 200 మైక్రాన్ల యూవీ స్టెబిలైజ్డ్ షీటు. దాన్ని మేకులతో కొట్టరు, అల్యూమినియం ప్రొఫైల్ గాడిలో జిగ్‌జాగ్ స్ప్రింగ్‌తో బిగిస్తారు, అప్పుడు చిరగదు. పైపు ఎండకు కాలి షీటును తాకినచోటే ముందు పగుళ్ళొస్తాయి కాబట్టి అక్కడ తెల్ల పెయింటో టేపో వేస్తారు. పీవీసీ పైపు తాకితే షీటు ఇంకా తొందరగా పాడవుతుంది. ఇంకో సంగతి: గంధకం, క్లోరిన్ ఉన్న మందులు ఆ షీటులోని యూవీ రక్షణను తినేస్తాయని పాలీహౌస్ రైతులకు తెలుసు. మిరప మీద బూడిద తెగులుకు గంధకం కొట్టేది మనమే. అంటే గంధకం అంటిన కాయను పందిట్లో పోస్తే షీటు ఆయుష్షు తగ్గుతుంది. మిర్చి డ్రయ్యర్ అని వెతికితే ఈ ముక్క దొరకదు. "పాలిథిన్ షీటు ఎందుకు తొందరగా పగులుతోంది" అని వెతికితే దొరుకుతుంది.

రాత్రి సంగతి కూడా అంతే. సాయంత్రం ఐదింటికి మూతలన్నీ వేసి ఇంటికి పోతారు. లోపల తడి గాలి అట్లాగే ఉంటుంది. రాత్రి ఆకాశానికి వేడి వదిలేసి షీటు బయటి గాలికంటే కూడా చల్లబడుతుంది. దాని లోపలివైపు చెమట పట్టి బొట్లుబొట్లుగా కాయ మీద పడుతుంది. తెల్లారి నల్ల మచ్చలు. పొద్దుగూకిన తర్వాత కూడా అరగంట, ముప్పావు గంట గాలి ఆడనిచ్చి, లోపలి తడి పోయాక మూయాలి. కప్పుకు వాలు ఎక్కువ ఇస్తే బొట్టు కాయ మీద రాలకుండా అంచుకు జారుతుంది. అంచున ఒక చిన్న కాలువ మడత ఉండాలి. చాలా నమూనాలు ఈ మడత దగ్గరే ఫెయిలవుతాయి, ఎందుకంటే బొమ్మలో అది కనిపించదు.

ఇంతవరకు చెప్పినదంతా వేరేవాళ్ళు చేసినదే. మరి కొత్తదనం ఎక్కడ? యార్డులోకి పోదాం.

ఖరీదుదారు బస్తాలో చేయి పెట్టి కాయను వంచుతాడు, చెవి దగ్గర ఊపుతాడు. గింజ గలగలమంటే ఆరినట్టు. వంచినప్పుడు పుటుక్కున విరిగితే మాత్రం మొహం చిట్లిస్తాడు. మరీ ఎండిన కాయ హమాలీ బస్తా తొక్కేటప్పుడు ముక్కలవుతుంది, గింజ రాలుతుంది, పొడి అవుతుంది. రైతుకూ నష్టమే, 11 శాతం దగ్గర 28 కిలోలు తూగేది 7 శాతానికి దిగితే 26.9 కిలోలే. పరిశోధన పేపర్లలో "మా డ్రయ్యర్ ఇంకా తక్కువ తేమకు దించింది" అని గొప్పగా రాస్తారు. యార్డులో ఆ గొప్పకు ధర తగ్గుతుంది. అందుకే కల్లంలో రైతులు బస్తా నింపే పని తెల్లవారుజామున పెట్టుకుంటారు. మంచు గాలికి కాయ కొంచెం మెత్తబడి ఉంటుంది, తొక్కినా విరగదు. కొందరు నీళ్ళు చిలకరిస్తారు. అది వేరే కథ. పైన తడి, లోపల పొడి, బస్తా నడుమ బూజు.

కాబట్టి కొత్త ఇబ్బంది వాక్యం ఇది: "పెళుసైన ఆకునో కాయనో నీళ్ళు తగలకుండా, కొద్దిగా, సమానంగా మెత్తబరచడం ఎట్లా?" ఈ వాక్యంలో మిర్చి లేదు, డ్రయ్యర్ లేదు. ఇప్పుడు చుట్టూ చూడండి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చేసే అక్కలు ఈ పని రోజూ చేస్తారు. తునికాకు ఎండుది తెచ్చి తడిపి, తడిగుడ్డలోనో గోనెలోనో చుట్టిపెడతారు. తడి ఆకంతా సమానంగా పాకాకే కత్తెర పెడతారు. తొందరపడి కోస్తే ఆకు చిరుగుతుందని వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పలేదు. పొగాకు ఆరబెట్టే వేడి గదులు, అంటే బ్యారన్ల వాళ్ళదీ ఇదే బాధ. వేడితో ఆరబెట్టిన ఆకు ముట్టుకుంటే పొడవుతుంది కాబట్టి బ్యారన్ ఖాళీ చేసేముందు తలుపులు తెరిచి తేమ గాలి ఎక్కనిస్తారు. అంటే మనకు కావాల్సిన ఘట్టం పొగాకులో ఎప్పటినుంచో ఉంది. దాన్ని మిర్చి పందిట్లోకి కొలతతో తేవడమే మన పని.

ఇట్లా ఒక వృత్తిలోని జవాబును ఇంకో వృత్తిలోకి మోసుకురావడం గురించి జీవితమంతా పనిచేసినవాడు గెన్రిక్ ఆల్ట్‌షుల్లర్. 1946 ప్రాంతంలో సోవియట్ నౌకాదళంలో పేటెంట్ కాగితాలు చూసే ఉద్యోగంలో ఉండి, వేరువేరు పరిశ్రమల్లో ఒకే చిక్కుముడికి ఒకే రకం జవాబు మళ్ళీమళ్ళీ వస్తోందని గమనించాడు. దాన్నే ట్రిజ్ పద్ధతిగా కూర్చాడు, 40 సూత్రాలు. ఆ పాఠాల్లో తరచూ వచ్చే ఉదాహరణ మన మిరప చుట్టందే: కాప్సికం తొడిమ, గింజలు తీయడానికి కాయల్ని గట్టి పాత్రలో పెట్టి గాలి ఒత్తిడి పెంచి, ఒక్కసారిగా వదిలేస్తారు. తొడిమ గింజలతో సహా ఎగిరిపోతుంది. గట్టి గింజల పెంకు పగలగొట్టడానికీ, వజ్రాన్ని దాని పగులు వెంట విడగొట్టడానికీ ఇదే ఉపాయం. 40 సూత్రాలు బట్టీ పట్టమని నేను చెప్పను, అది పరీక్ష పాఠంలా తయారవుతుంది. ఆయన వెతికిన తీరు పట్టుకుంటే చాలు.

మన దగ్గరి సాక్ష్యం ఆలేరు దగ్గరే ఉంది. చింతకింది మల్లేశం ఆసు యంత్రం. చీర నేయకముందు మేకుల చుట్టూ దారం తిప్పే పనే ఆసు. రెండు చీరల ఆసుకు రోజుకు 18 వేల సార్లు చేయి ఆడాలి, ఆ భుజం నొప్పే అక్కడ ఇబ్బంది వాక్యం. 1992లో మొదలైన పని 1999లో పూర్తయింది. చివరి చిక్కు హైదరాబాద్‌లో వేరే పని చేస్తున్న ఒక యంత్రం కదలిక చూశాక విడిపోయింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మేకుల చుట్టూ దారం ఎట్లా తిరగాలన్నది తరతరాలుగా ఇంటి ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న ఎరుక, తిప్పే విధం ఇంకో వర్క్‌షాపులోది.

సరే, మన పందిట్లో మెత్తబరిచే ఘట్టం ఎట్లా పెడతాం? 100 కిలోల సరుకు 7 శాతానికి దిగితే 26.9 కిలోలు, 10 శాతానికి తేవాలంటే 27.8 కిలోలు. 900 గ్రాముల నీటి ఆవిరి ఎక్కించాలి. తెల్లవారుజాము గాలి కిలోకు 2 గ్రాములు కాయకు వదిలినా 450 కిలోల గాలి, అంటే 400 ఘనపు మీటర్ల దాకా. ఫ్యాన్లన్నీ తిరిగితే గంటలోపు పని. కాయ తోలు మైనంలా ఉంటుంది కాబట్టి అంత తొందరగా పీల్చదు. సగం ఫ్యాన్లతో మూడు గంటలు పెట్టుకోండి. కానీ రాత్రి ప్యానెల్ పనిచేయదు కదా! నాలుగు ఫ్యాన్లు 14 వాట్లు, మూడు గంటలు, 42 వాట్-అవర్లు. చిన్న యూపీఎస్‌లలో ఉండే 12 వోల్టుల 7 యాంపియర్-అవర్ బ్యాటరీలో 84 ఉంటాయి. సగమే వాడతాం, బ్యాటరీకీ మంచిది.

ఎప్పుడు ఆపాలి అన్నదే అసలు డిజైన్. తెల్లవారుజామున బయటి గాలి తేమ 80 శాతం ఉంటే, వదిలేస్తే కాయ 11 దాటిపోతుంది. తేమ సెన్సర్ చూసి ఆపుదామనుకుంటే ముందు సెన్సర్‌ను నమ్మొచ్చో లేదో చూడాలి. డీహెచ్‌టీ22 లాంటి చవక సెన్సర్ 2 నుంచి 5 శాతం అటూఇటూ చూపిస్తుంది, చెమ్మ పట్టినా మిర్చి ధూళి చేరినా ఇంకా తప్పుతుంది. దాన్ని సరిచూడడానికి ల్యాబ్ అక్కర్లేదు. గాజు సీసాలో వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీళ్ళు కలపండి. ఉప్పును తాకకుండా పైన సెన్సర్ వేలాడదీసి, మూత బిగించి, నీడలో ఒక రాత్రి ఉంచండి. 25 డిగ్రీల దగ్గర 75 శాతం చూపాలి. 79 చూపితే మీ సెన్సర్ అక్కడ 4 ఎక్కువ చెబుతున్నట్టు, రాసి అతికించండి. ఉష్ణోగ్రతకు డీఎస్18బీ20 సెన్సర్ వాడితే నలగ్గొట్టిన ఐసు, నీళ్ళు కలిపిన ముద్దలో ముంచండి, సున్నాకు అర డిగ్రీ లోపల ఉండాలి. బజారులో వాటి నకిలీలు చాలా ఉన్నాయి.

నా అభిప్రాయం అడిగితే, మొదటి సీజన్‌కు సెన్సర్ కంటే తూకం మేలు. ఒక చదరపు మీటరు ట్రేను గుర్తు ట్రేగా పెట్టుకుని, చేతి డిజిటల్ తూకానికి వేలాడదీయండి. 10 కిలోల పచ్చికాయలో పొడి పదార్థం 2.5 కిలోలు ఉంటే, 10 శాతం తేమ దగ్గర ట్రే సరుకు 2.78 కిలోలు తూగాలి. ఆ అంకె రాగానే ఆపేయాలి. బరువు కొలిచే లోడ్ సెల్ సెన్సర్‌ను శాశ్వతంగా బిగిస్తే పగలు 50 డిగ్రీలు, రాత్రి 18 డిగ్రీలు, దాని సున్నాయే కదులుతుంది. 10 శాతానికీ 11 శాతానికీ తేడా 30 గ్రాములే, అవి అక్కడే పోతాయి.

ఇక్కడ ఒక పెద్ద గుంత. మొదటి తేమ 75 అనుకున్నాం. అది నిజానికి 78 అయితే? పొడి పదార్థం 2.2 కిలోలే. మీరు 2.78 దగ్గర ఆపితే కాయలో తేమ 21 శాతం! మొదట మూడు పాళ్ళ తప్పు చివర పదకొండు పాళ్ళయింది. బస్తా కట్టిన కొద్ది రోజులకే బూజు. అందుకే ప్రతి కోతకూ నమూనా తీసి పొడి పదార్థం కొలవాల్సిందే. కాయల్ని చీల్చి, దగ్గరి కాలేజీ ల్యాబ్ ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర, బరువు మారడం ఆగేదాకా పెట్టాలి. ఓవెన్‌లో నీళ్ళతోపాటు వాసన నూనెలూ కొంచెం పోతాయి కాబట్టి తేమ కొద్దిగా ఎక్కువ చూపుతుంది. ఆ కారణానికే సుగంధ ద్రవ్యాల పరీక్షలకున్న ఐఎస్ 1797లో టొల్యూన్‌తో ఆవిరి పట్టే పద్ధతి ఉంది. అమ్మకానికి సర్టిఫికెట్ కావాలంటే అది, పందిరి నడపడానికి ఓవెన్ చాలు.

పందిరిని పరీక్షించేటప్పుడు పక్కన కల్లం కూడా ఉండాలి. అదే కోత, అదే రోజు, 10 కిలోలు నేల మీద పరిచి రెండింటినీ ఒకే వేళకు తూచండి: పొద్దున తొమ్మిది, పన్నెండు, మూడు, ఐదు. కల్లం పక్కన లేకపోతే "నాలుగు రోజుల్లో ఆరింది" అన్న మాటకు అర్థమే లేదు. ఆ వారం ఎండలకు కల్లంలోనే ఆరు రోజుల్లో ఆరి ఉండొచ్చు. తారీఖు, రకం, మబ్బు, ఎవరు తూచారు, ఏ తూకం, అన్నీ రాయండి. చెడిపోయిన బ్యాచ్ కాగితం చించకండి. తర్వాత వచ్చేవాళ్ళకు అన్నిటికంటే అక్కరకొచ్చేది అదే.

పేటెంట్ల సంగతి కొంచెం తొందరగా చెప్తాను. పేటెంట్ అంటే తాళం అనుకుంటాం, నిజానికి అది అందరి ముందూ తెరిచిపెట్టిన చిట్టా. దరఖాస్తు మామూలుగా 18 నెలలకు బయటికి వస్తుంది, దాఖలైన తేదీ నుంచి 20 ఏళ్ళకు హక్కు తీరిపోతుంది. ఏటేటా ఫీజు కట్టకపోతే ముందే పోతుంది. ఒక దేశంలో తీసుకున్నది ఆ దేశంలోనే చెల్లుతుంది. అమెరికాలో ఉండి ఇక్కడ దాఖలు కానిదాన్ని ఇక్కడ చేసుకోవచ్చు, కానీ అక్కడికి ఎగుమతి చేస్తే ఇబ్బందే. వెతికేటప్పుడు మాటలతో మొదలుపెట్టి, దగ్గరగా ఉన్న రెండు మూడు పట్టుకుని, వాటి మీదున్న వర్గం నంబరు చూడండి. ఆరబెట్టే యంత్రాలన్నీ ఎఫ్26బి కింద ఉంటాయి, ఎండ లాంటి కిరణాలతో ఆరబెట్టేవి 3/28 దగ్గర. ఆ నంబరుతో వెతికితే "డ్రయ్యర్" అన్న మాటే వాడనివీ బయటపడతాయి. ఆ తర్వాత మన ఇబ్బంది కోసం పొగాకు వర్గం కూడా చూడాలి, అది ఏ24బి. చదివేటప్పుడు బొమ్మ చూసి భయపడొద్దు, చివర ఉన్న క్లెయిములు చదవండి. హక్కు అక్కడ రాసినంత మేరకే.

ఇంకో మాట. మన 1970 పేటెంట్ చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం, తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి దేని పని అది చేసుకుంటుంటే అది ఆవిష్కరణ కాదు. సంప్రదాయ ఎరుక కూడా కాదు. కాబట్టి తెల్లవారి మంచు గాలికి మెత్తబరచడం మీద ఎవరికీ హక్కు రాదు, రాకూడదు, అది రైతులది. గుర్తు ట్రే తూకం చేరగానే పందిరిలోకి గాలి వచ్చే ద్వారం తనకు తానే మూసుకునే ఏర్పాటు ఎవరైనా ఇంతకుముందు చేయలేదని తేలితే, అడగాల్సింది అంతమేరకే. పసుపు సంగతి మీకు తెలుసు. గాయానికి పసుపు అని అమెరికాలో 1995లో పేటెంట్ ఇస్తే, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ 32 రాతపూర్వక ఆధారాలు చూపించి 1997లో కొట్టేయించింది. అక్కడ అమ్మమ్మల నోటిమాట చెల్లలేదు, అచ్చులో ఉన్న కాగితం చెల్లింది. బీడీ అక్కల దగ్గర నేర్చుకున్నది రాసి, ఏ ఊళ్ళో, ఎవరి అనుమతితో నేర్చుకున్నారో కూడా రాసి పెట్టమనేది అందుకే.

ఇక ప్రశ్నలు. వెనక నుంచి ఎవరో చేయి ఎత్తారు.

(ప్రశ్న: మేం మా నమూనా వీడియో మూడు నెలల కిందటే యూట్యూబ్‌లో పెట్టినం సార్. ఇప్పుడు పేటెంట్‌కు పోవచ్చా?)

వీడియోలో ఏం కనిపించిందో దానికి కష్టం. మన చట్టంలో సొంతంగా బయటపెట్టుకున్నదానికి సాధారణ మినహాయింపు లేదు. ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనల లాంటి కొన్నిటికే, అదీ 12 నెలల లోపు. అయితే వీడియో మళ్ళీ చూసి, అందులో కనిపించనిదీ చెప్పనిదీ ఏముందో కాగితం మీద రాయండి. ద్వారం లోపలి మెకానిజం మూత కిందే ఉండిపోతే, అందులో నిజంగా కొత్తది ఉంటే దానికి ఇంకా దారి ఉంది. ముందు తాత్కాలిక వివరణ దాఖలు చేయండి, పూర్తిది ఇవ్వడానికి 12 నెలలు ఉంటుంది. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, కాలేజీలకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, దరఖాస్తు పరిశీలనకు వేరే. ఆ కాగితం పడేదాకా రెండో వీడియో ఆపండి. పేటెంట్ వద్దు, అందరూ చేసుకోనీ అనుకుంటే సెర్న్ పరిశోధన సంస్థ తయారుచేసిన ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సు మూడు రకాల్లో ఒకటి ఎంచుకుని, డ్రాయింగు, విడిభాగాల పట్టిక, చెడిపోయిన బ్యాచ్‌ల తూకాలు కలిపి పెట్టండి. ఒట్టి వీడియో చూసి ఎవరూ పందిరి కట్టలేరు, అంచు కాలువ మడత అందులో కనిపించదు.